పెద్ద జట్టు మీద మైనస్ హ్యాండిక్యాప్ వేస్తూ పోతే చాలా? మహిళల ఫుట్‌బాల్ క్వాలిఫైయర్ల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మహిళల వరల్డ్ కప్, యూరో క్వాలిఫైయర్లలో పెద్ద జట్లు 8-0, 10-0 తేడాతో గెలుస్తుంటాయి, బుక్‌మేకర్లు ఈ మ్యాచ్‌లను పెద్దగా పట్టించుకోరు, కాబట్టి ప్రతిసారీ పెద్ద జట్టు మీద మైనస్ 4.5 హ్యాండిక్యాప్ (కనీసం ఐదు గోల్స్ తేడాతో గెలవాలన్న పందెం) వేస్తే లాభం వస్తుందా, లేకపోతే 1.03, 1.04 రేటు (వంద పెడితే 103, 104 తిరిగొచ్చేవి) ఉన్న మ్యాచ్‌లు పది కలిపి మల్టీ (అన్నీ గెలిస్తేనే డబ్బు వచ్చే ఒకే పందెం) వేసుకోవడం మంచిదా. చివర్లో ప్లే-ఆఫ్‌లు, లైవ్ బెట్టింగ్ గురించి కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. రెండూ వద్దు. గుడ్డిగా మైనస్ హ్యాండిక్యాప్ వేసే రోజులు పోయాయి, మల్టీ అయితే ఏ రోజూ మంచి ఆలోచన కాదు. ఈ మ్యాచ్‌లలో బుక్‌మేకర్ వేసే రేటు తప్పయ్యే సందర్భాలు నిజంగానే ఉన్నాయి, కానీ అవి మీరు చూస్తున్న చోట లేవు. ఎవరు బలమైన జట్టు అన్నది రేటులో ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు ఆ మ్యాచ్ ఎవరికి ఎంత అవసరం, ఎవరు నిజంగా మైదానంలోకి దిగుతున్నారు అన్నదే రేటులో ఆలస్యంగా చేరుతుంది.

నేను కొన్నేళ్లు ఒక బెట్టింగ్ కంపెనీ ట్రేడింగ్ డెస్క్‌లో, చిన్న లీగ్‌లకు, మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లకు రేట్లు వేసే పనిలో ఉన్నాను. అందుకే కౌంటర్ అవతలి వైపు నుంచి చెప్తున్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను: మీరుండే చోట బెట్టింగ్ చట్టవిరుద్ధమైతే దీన్ని ఆట అర్థం చేసుకోవడానికి మాత్రం చదవండి, పందెం జోలికి వెళ్లకండి. చట్టబద్ధమైన చోట కూడా ఇందులో ఎక్కువమంది పోగొట్టుకునేవాళ్లే.

ముందు ఆ 10-0ల సంగతి. మీ మనసులో ఉన్నది 2023 వరల్డ్ కప్ క్వాలిఫైయర్లు అనుకుంటాను. అందులో ఇంగ్లండ్ 10 మ్యాచ్‌లు ఆడి 80 గోల్స్ కొట్టింది, ఒక్కటి కూడా ఇవ్వలేదు. 2021 నవంబర్‌లో లాత్వియా మీద 20-0. అదే నెలలో బెల్జియం ఆర్మేనియాను 19-0తో ఓడించింది. ఆ రోజుల్లో మా డెస్క్‌లో మైనస్ 8.5, మైనస్ 9.5 లాంటి లైన్లు రాస్తుంటే కొత్తగా చేరినవాళ్లు టైపింగ్ తప్పనుకునేవాళ్లు.

ఆ తర్వాత పద్ధతి మారిపోయింది. 2023లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా మహిళల నేషన్స్ లీగ్ మొదలుపెట్టి జట్లను బలాన్ని బట్టి ఏ, బీ, సీ లీగ్‌లుగా విడగొట్టింది, యూరో 2025 క్వాలిఫైయర్లు కూడా అదే మెట్ల మీద నడిచాయి. అంటే ఏ లీగ్‌లో ఉన్న జట్టుకు లాత్వియా లాంటి ప్రత్యర్థి తగలదు. ఇంగ్లండ్‌కు 2024లో పడిన గ్రూపులో ఫ్రాన్స్, స్వీడన్, ఐర్లండ్ ఉన్నాయి. ఆరు మ్యాచ్‌లలో ఇంగ్లండ్ కొట్టిన గోల్స్ మొత్తం ఎనిమిది. పది మ్యాచ్‌లకు ఎనభై కొట్టిన జట్టే, ఆటగాళ్లు కూడా చాలావరకు వాళ్లే, కోచ్ కూడా ఆమే. మారింది ఎదుటి జట్లు మాత్రమే. పాత స్కోర్లు చూసి ఈ రోజు పందెం వేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

2027 బ్రెజిల్ వరల్డ్ కప్ కోసం జరుగుతున్న యూరప్ క్వాలిఫైయర్లలో ఇది ఇంకా బిగిసింది. ఏ లీగ్‌లో నాలుగు గ్రూపులు, గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జట్టుకే నేరుగా బెర్త్, మిగతావాళ్లు ప్లే-ఆఫ్‌లకు వెళ్లాల్సిందే. యూరో 2025 ఫైనల్ ఆడిన ఇంగ్లండ్, స్పెయిన్ ఒకే గ్రూపులో పడ్డాయి. అంటే ఆ రెండిట్లో కనీసం ఒకటి ప్లే-ఆఫ్ ఆడక తప్పదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అవసరం అన్నాను కదా, దానికి 2024 జులై విండో (దేశాల జట్ల మ్యాచ్‌లకు కేటాయించిన రోజులు) కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. జులై 12న ఐస్‌లాండ్ సొంత గడ్డ మీద జర్మనీని 3-0తో ఓడించింది. అదే రోజు వరల్డ్ ఛాంపియన్ స్పెయిన్ చెక్ రిపబ్లిక్ చేతిలో 2-1తో ఓడిపోయింది. నాలుగు రోజుల తర్వాత, అంతకుముందు ఐదుకు ఐదు మ్యాచ్‌లూ ఓడిన ఐర్లండ్ ఫ్రాన్స్‌ను 3-1తో కొట్టింది. వార్తల్లో వీటిని సంచలనాలు అన్నారు. కానీ మూడు చోట్లా పరిస్థితి ఒకటే: జర్మనీ, స్పెయిన్, ఫ్రాన్స్ మ్యాచ్ మొదలవకముందే యూరోకు అర్హత సంపాదించేశాయి, పైగా ముగ్గురూ నెలాఖరులో మొదలయ్యే పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్తున్నారు. ఆ వారం వాళ్లకు గాయం కాకుండా బయటపడటమే గెలుపు. ఎదుట ఐస్‌లాండ్‌కేమో ఆ మ్యాచ్ గెలిస్తే నేరుగా యూరో టికెట్. (ఐస్‌లాండ్ స్వదేశీ లీగ్ వేసవిలోనే నడుస్తుంది, జులైలో సీజన్ మధ్యలో ఉంటారు. జర్మనీ లీగ్‌కు అది సెలవుల కాలం. దీన్ని మరీ పెద్దది చేసి చెప్పను గానీ, విండో ఏ నెలలో పడిందో చూడటం మాత్రం అలవాటు చేసుకోండి.)

ఆ మూడింట్లోనూ బలహీన జట్టు గెలుస్తుందని ముందే తెలుసని ఎవరన్నా అంటే నమ్మకండి. తెలిసేది అంత కాదు. తెలిసేదల్లా, పెద్ద జట్టు రేటు మామూలు మ్యాచ్‌కు ఉండేంత తక్కువగా ఉండకూడదని. అలాంటి రోజు పెద్ద జట్టు మీద మైనస్ హ్యాండిక్యాప్ వేయకపోవడమే సగం పని, ప్లస్ హ్యాండిక్యాప్‌తో (లెక్కలో చిన్న జట్టుకు ముందే కొన్ని గోల్స్ కలిపే పందెం) చిన్న జట్టు వైపు చూడటం మిగతా సగం.

అదే విండోలో ఇంకో మ్యాచ్ చూడండి. జులై 16న గోథెన్‌బర్గ్‌లో స్వీడన్, ఇంగ్లండ్. ఇంగ్లండ్‌కు డ్రా చాలు, స్వీడన్ గెలిచి తీరాలి. ఫలితం 0-0. ఒక జట్టుకు డ్రా సరిపోతుందంటే గోల్స్ తగ్గుతాయని చాలామంది కళ్లు మూసుకుని అండర్ (తక్కువ గోల్స్ వస్తాయన్న పందెం) వేస్తారు, అది అన్నిసార్లూ నిజం కాదు. మొదటి పది నిమిషాల్లో గెలిచి తీరాల్సిన జట్టే గోల్ ఇచ్చేసుకుంటే ఆట మొత్తం తెరుచుకుంటుంది. అవసరం అనేది దిశ చెప్తుంది, స్కోరు చెప్పదు.

దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2024 అక్టోబర్‌లో యూరో ప్లే-ఆఫ్ మొదటి రౌండులో ఐర్లండ్ జార్జియాకు వెళ్లి 6-0 కొట్టింది. రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల పోటీలో రెండోది) సొంత గడ్డ మీద, అదే ప్రత్యర్థి మీద, 3-0. పని అయిపోయాక వేగం తగ్గడం అంటే ఇదే అని నేను చెప్పబోతుంటే, అదే రౌండులో నార్వే అల్బేనియాను అక్కడ 5-0, ఇంటికొచ్చి 9-0 కొట్టింది. రిజర్వ్‌లో ఉన్న కుర్ర స్ట్రైకర్లకు అది జట్టులో చోటు కోసం పరీక్ష, వాళ్లు ఆగరు. కాబట్టి పెద్ద జట్టుకు అవసరం లేదు అనుకునేముందు, దిగుతున్న పదకొండు మందికి అవసరం ఉందా అని కూడా అడగాలి.

ఇక మైనస్ 4.5 లెక్క. మీరు దీన్ని భద్రమైన లైన్ అనుకుంటున్నారు. ఒక పెద్ద జట్టు ఈ మ్యాచ్‌లో సగటున 6 గోల్స్ కొడుతుందని, ఎదుటి జట్టు ఒక్కటీ కొట్టదని అనుకుందాం. మామూలు పాయిజాన్ లెక్క (సగటును బట్టి ఒక్కో స్కోరు అవకాశం చెప్పే సూత్రం) ప్రకారం ఐదు లేదా అంతకన్నా ఎక్కువ గోల్స్ వచ్చే అవకాశం దాదాపు 71 శాతం, అంటే న్యాయమైన (కంపెనీ లాభం కలపని) రేటు 1.40. సగటు 5 అయితే అది 56 శాతానికి పడిపోతుంది, న్యాయమైన రేటు 1.79 అవుతుంది. సగటు 7 అయితే 83 శాతం దాకా పోతుంది, రేటు 1.21. ఒకే ఒక్క గోల్ అంచనా తేడాకు రేటు ఎంత ఊగిందో చూడండి. ఇద్దరు ప్రధాన ఫార్వర్డ్‌లను బెంచ్ మీద కూర్చోబెట్టినా, ఎదుటి జట్టు మొదటి గోల్‌కీపర్ గాయంతో దూరమైనా సగటు ఆ మాత్రం మారుతుంది. మీరు ముందు రోజు రాత్రి వేసిన పందెం ఏ సగటు మీద వేశారో మీకే తెలియదన్నమాట.

పైగా ఇలాంటి అసమాన మ్యాచ్‌లలో గోల్స్ పాయిజాన్ చెప్పినంత బుద్ధిగా రావు. ఇంగ్లండ్ 2021 అక్టోబర్‌లో లాత్వియాకు వెళ్లి 10-0 కొట్టింది, తర్వాతి నెల ఇంటి దగ్గర 20-0. అదే జట్టు, అదే ప్రత్యర్థి, తేడా పది గోల్స్. ఎదుటి జట్టులో పగలు ఉద్యోగమో చదువో చేసుకుంటూ ఆడేవాళ్లు ఉంటే అరవయ్యో నిమిషం తర్వాత కాళ్లు ఆగిపోతాయి, అటువైపు ఐదుగురు తాజా ఆటగాళ్లు సబ్‌స్టిట్యూట్లుగా వస్తారు, అప్పుడు గోల్స్ గుంపుగా పడతాయి. కొన్నిసార్లేమో చిన్న జట్టు పదకొండు మందినీ పెనాల్టీ బాక్స్‌లో నిలబెట్టి 3-0తో బయటపడుతుంది, ఆ స్కోరు వాళ్లకు పండగే. రెండు చివర్లూ లెక్కలో ఉన్నదానికంటే ఎక్కువసార్లు వస్తాయి. మేం రేటు వేసేటప్పుడు దీనికోసం మార్జిన్ (కంపెనీ ఉంచుకునే వాటా) పెంచేవాళ్లం. పెద్ద లీగ్ మ్యాచ్‌లో రెండు వైపులా 1.95 కనిపిస్తే, ఇక్కడ 1.83, 1.83 కనిపిస్తుంది. 1.83 దగ్గర నష్టం లేకుండా ఉండాలంటేనే మీరు వందకు 54.6 సార్లు గెలవాలి. చాలామంది ఈ సంఖ్య దగ్గరే ఆగిపోతారు.

మల్టీ సంగతి తొందరగా తేల్చేస్తాను. 1.03 రేటు ఉన్నవి పది కలిపితే మొత్తం రేటు 1.34. అందులో ఒక్కోటి నిజంగా గెలిచే అవకాశం 96 శాతం అనుకుంటే, పదీ గెలిచే అవకాశం 66 శాతం. వంద పెడితే సగటున తిరిగొచ్చేది 89. ఒక్కో మ్యాచ్‌లో చిన్నగా కనిపించే మార్జిన్ పదిసార్లు గుణించుకుంటూ పోతుంది, అంతే. దీంట్లో తెలివికి చోటు లేదు.

బుక్‌మేకర్లకు మహిళల ఫుట్‌బాల్ తెలియదు అన్న మాట సగం నిజం. పెద్ద జట్ల మధ్య మ్యాచ్‌కు బాగానే తెలుసు, స్పెయిన్, ఇంగ్లండ్ మ్యాచ్ రేటులో మీరు తప్పు పట్టలేరు. బీ, సీ లీగ్‌లలో, ఆఫ్రికా, ఆసియా ప్రాథమిక రౌండ్లలో మాత్రం చాలా కంపెనీలు సొంతంగా లెక్కకట్టవు. ఒక డేటా సంస్థ నుంచి వచ్చే రేటు తీసుకుంటాయి, లేదా రేటింగుల నుంచి యంత్రం తీసిన అంకె వేసి, పక్క కంపెనీ ఏం వేసిందో చూసి సర్దుకుంటాయి. ఫిఫా మహిళల ర్యాంకింగ్ ఏడాదికి సుమారు నాలుగు సార్లే వస్తుంది, కొన్ని దేశాల జట్లు నెలల తరబడి మ్యాచ్ ఆడవు, కాబట్టి ఆ అంకె పాతబడి ఉంటుంది. ఇక్కడ మీకు నిజంగానే వాళ్లకంటే ఎక్కువ తెలిసే వీలుంది.

కానీ అందుకే లిమిట్ కూడా తక్కువ పెట్టేవాళ్లం. తెలియని మ్యాచ్‌కు డెస్క్ చేసే మొదటి పని గరిష్ట స్టేక్ (పందెం కాసే డబ్బు) తగ్గించడం. మ్యాచ్ రేటు కదలకముందే పదేపదే సరైన వైపు వేసే ఖాతా కనిపిస్తే దానికి లిమిట్ ఇంకా కోస్తారు, అది నేనూ చేశాను, మొహమాటం ఏమీ ఉండదు. కాబట్టి దీన్ని ఆదాయంగా మాత్రం ఊహించుకోకండి. ఆటను శ్రద్ధగా చూసే మనిషికి ఖర్చు తగ్గే వ్యసనం అని చెప్పగలను, అంతకన్నా ఎక్కువ చెప్పలేను.

ఆ ఎక్కువ తెలియడం అంటే ఏంటి? జట్టు ప్రకటన, ఆ తర్వాత ఎవరెవరు తప్పుకున్నారన్నది. మహిళల ఫుట్‌బాల్‌లో మోకాలి ఏసీఎల్ (లిగమెంట్) గాయాలు ఎక్కువ, 2022 యూరోకు ముందు స్పెయిన్ ఆటగాడు అలెక్సియా పుతెయాస్, 2024 జనవరిలో ఆస్ట్రేలియా స్ట్రైకర్ శామ్ కెర్ అలాగే దూరమయ్యారు. అంత పెద్ద పేర్లయితే రేటులో నిమిషాల్లో చేరిపోతుంది. చిన్న దేశపు రెండో సెంటర్ బ్యాక్ రాలేదన్న సంగతి మాత్రం ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం పేజీలో, వాళ్ల భాషలో, ఒక్క వాక్యంగా ఉంటుంది. చిన్న జట్టులో విదేశీ క్లబ్‌లకు ఆడే నలుగురైదుగురే మొత్తం బరువు మోస్తారు, వాళ్లలో ఇద్దరు లేకపోతే అది వేరే జట్టు. నా మటుకు నేను క్వాలిఫైయర్‌లో మ్యాచ్‌కు గంట ముందు వచ్చే లైనప్ చూడకుండా హ్యాండిక్యాప్ లైన్ తాకను.

జట్టుకూ ఫెడరేషన్‌కూ గొడవలు కూడా ఇక్కడ నిజమైన అంశమే. 2017 అక్టోబర్‌లో స్వీడన్‌తో వరల్డ్ కప్ క్వాలిఫైయర్ ఆడాల్సిన డెన్మార్క్, అంతకు రెండు నెలల ముందే యూరో ఫైనల్ ఆడిన జట్టు, జీతాల ఒప్పందం కుదరక మ్యాచ్‌కే రాలేదు. స్వీడన్‌కు 3-0 గెలుపు రాసిచ్చారు. డెన్మార్క్ గ్రూపులో రెండో స్థానంలో మిగిలి, ప్లే-ఆఫ్‌లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి 2019 వరల్డ్ కప్‌కు దూరమైంది. ఇలా అధికారికంగా రాసిచ్చిన 3-0కు సాధారణంగా పందేలు చెల్లవు, డబ్బు వెనక్కి వస్తుంది, కానీ గ్రూపు విజేత మీద వేసిన పందెం మాత్రం ఆ పాయింట్లతోనే తేలుతుంది. అలాగే హోమ్ అని రాసి ఉన్న ప్రతిదీ హోమ్ కాదు. యుక్రెయిన్ 2022 నుంచి తన సొంత మ్యాచ్‌లు వేరే దేశాల్లో ఆడుతోంది, వేదిక ఎక్కడో చూడకుండా హోమ్ జట్టు లెక్క కలపకండి.

ఆసియాలో పద్ధతి వేరు. 2026 ఆసియా కప్ క్వాలిఫైయర్లలో గ్రూపు మొత్తాన్ని ఒకే చోట, రెండు వారాల లోపల ఆడించారు, మొదటి జట్టుకే బెర్త్. భారత్ చియాంగ్ మాయ్‌లో మంగోలియా మీద 13-0, తైమూర్ లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0 కొట్టి, చివరి మ్యాచ్‌లో తనకంటే పై ర్యాంకులో ఉన్న ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి అర్హత సాధించింది. ఇలాంటి పొట్టి గ్రూపులో పాయింట్లు సమమైతే గోల్ తేడా పనికొస్తుందేమోనన్న భయంతో పెద్ద జట్లు 6-0 దగ్గర ఆగవు, మరోవైపు మూడు రోజులకో మ్యాచ్ కాబట్టి ఆటగాళ్లను మారుస్తూ ఉండాలి. ఈ రెండిట్లో ఏది ఎక్కువ అన్నది టైబ్రేక్ నిబంధన చదివితేనే తెలుస్తుంది. పాయింట్లు సమమైతే ముందు ముఖాముఖి ఫలితం చూస్తారా, గోల్ తేడా చూస్తారా? పందెం వేసేవాళ్లలో ఈ పేజీ తెరిచేవాళ్లు చాలా తక్కువ.

ప్లే-ఆఫ్‌లలో ఒక్కటి గుర్తుంచుకోండి: మామూలు మ్యాచ్ పందెం 90 నిమిషాలకే తేలుతుంది, ఇంజురీ టైం కలుస్తుంది, ఎక్స్‌ట్రా టైం కలవదు. 2024 అక్టోబర్‌లో వేల్స్ మొదటి లెగ్‌లో స్లొవేకియా చేతిలో 2-1తో ఓడి, కార్డిఫ్‌లో 2-0తో గెలిచి ముందుకెళ్లింది. స్కోరు బోర్డు మీద 2-0 కనిపిస్తుంది, కానీ రెండో గోల్ ఎక్స్‌ట్రా టైంలో వచ్చింది. వేల్స్ మైనస్ 1.5 వేసినవాళ్లు ఓడిపోయారు, మైనస్ 1 వేసినవాళ్లకు స్టేక్ వెనక్కి వచ్చింది. ఇలాంటి రోజు కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లు మాకు తెలిసినవే. మొదటి లెగ్‌లో ఒక్క గోల్ వెనకబడిన మంచి జట్టును నమ్మితే, మ్యాచ్ గెలుపు కాదు, తర్వాతి రౌండుకు వెళ్తుందా అన్న మార్కెట్ చూడండి. ఆ వేల్స్ జట్టే తర్వాత ఐర్లండ్‌ను కార్డిఫ్‌లో 1-1, డబ్లిన్‌లో 2-1తో దాటి మొదటిసారి యూరోకు వెళ్లింది. యూఫా అవే గోల్ నిబంధన (మొత్తం సమమైతే ప్రత్యర్థి గడ్డ మీద ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు గెలవడం) తీసేసింది కాబట్టి మొదటి లెగ్‌లో ఇంటి దగ్గర 1-1 అయినా ఇప్పుడు అదేమీ విపత్తు కాదు. పాత అలవాటుతో దాన్ని విపత్తుగా చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, రెండో లెగ్ రేటులో వాళ్ల డబ్బు కనిపిస్తుంది.

లైవ్ బెట్టింగ్ అడిగారు. ఈ స్థాయి మ్యాచ్‌లలో వద్దు. మీరు చూసే స్ట్రీమ్ మైదానం కంటే వెనక ఉంటుంది, కంపెనీకి సమాచారం స్టేడియంలో కూర్చున్న మనిషి నుంచి వస్తుంది, మీ పందెం కాసేపు పెండింగ్‌లో ఆగుతుంది, ఆలోపు గోల్ పడితే రద్దవుతుంది, పడకపోతే ఒప్పుకుంటారు. పైగా అన్ని క్వాలిఫైయర్లలో వీఏఆర్ (వీడియో రిఫరీ) ఉండదు. అసలు స్ట్రీమ్ కూడా లేని మ్యాచ్‌లో కదిలే అంకెలు చూసి లైవ్ వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లను చూస్తే ట్రేడింగ్ డెస్క్‌లో ఎవరికీ టెన్షన్ ఉండదు. ఏ ఫలితానికీ విలువ లేని చివరి రౌండు మ్యాచ్‌లో రేటు కారణం లేకుండా ఒకే వైపు జారుతుంటే అటు అసలు వెళ్లకండి, కారణం మీకు తెలియదు గానీ ఎవరికో తెలుసు.

ఇంత చెప్పాక కూడా వేస్తాను అంటే, చిన్న స్టేక్, ప్రతి పందెం ఒకే సైజు, పోయినదాన్ని అదే రాత్రి రాబట్టే ప్రయత్నం చేయకుండా. మీరు వేసిన రేటు పక్కన మ్యాచ్ మొదలయ్యే నిమిషంలో ఉన్న రేటు కూడా రాసుకోండి. మీరు 1.90కి తీసుకున్నది మొదలయ్యేసరికి 1.75కి వస్తుంటే మీ చదువు సరైన దిక్కులో ఉంది, ఆ రోజు ఓడినా సరే. మామూలుగా అది 2.00 వైపు పోతుంటే మీకంటే ముందు ఎవరో లైనప్ చూశారని అర్థం. రెండు మూడు విండోలు డబ్బు పెట్టకుండా కాగితం మీద ఇలా రాసి చూసి, ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, ఎక్కడ జారుతున్నారో చెప్తాను.